అతుకు ఫ్రేములో ఉండాలి

(హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నవారి సభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలున్నాయి. ఆ కిటికీ తెర ఒకటి లాగితే స్లైడ్లు ఇంకొంచెం బాగా కనబడతాయి. థాంక్యూ.

ఒక చోట కూలిందో, కూల్చిందో, వదిలేసిందో తెచ్చి ఇంకో చోట కట్టిన పాత కట్టడాల గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే చాలామందికి గుడి స్తంభాలు, కోట గోడలు గుర్తొస్తాయి. వాటి దగ్గరికీ వస్తాను. ముందు మాత్రం మన ఊళ్లోనే, మనం తలెత్తి చూడని ఒక వస్తువుతో మొదలుపెడతాను.

ఈ స్లైడ్ చూడండి. సికింద్రాబాద్‌లో ఒక పాత ఇల్లు, వీధి వైపు బాల్కనీ. బాల్కనీ కింద గోడలోంచి బయటికి వచ్చినవి ఏమిటో ఎవరైనా చెబుతారా?

(సభలోంచి: "గర్డర్లు మేడమ్.")

అందరూ అదే అంటారు. కోసిన చివర ఎలా ఉందో చూడండి. గర్డరైతే పైనా కిందా ఒకే వెడల్పు ఉంటుంది. దీనికి కింద వెడల్పాటి పాదం ఉంది, మధ్యలో సన్నటి నడుము, పైన మందంగా గుండ్రటి తల. ఇది రైలు పట్టా.

కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి రైలు 1874లో వచ్చింది. తర్వాత ఇంజన్ల బరువు పెరిగినకొద్దీ ఎక్కడైనా జరిగిందే జరిగింది. తేలిక పట్టాలు తీసేసి బరువైనవి వేస్తారు, తీసినవి తుక్కు లెక్కన అమ్ముతారు. గదికి అడ్డంగా వేసేంత పొడుగు టేకు దూలం కొనాలంటే మామూలు సంసారులకు తడిసి మోపెడయ్యేది. పట్టాకి చెదలు పట్టదు, వంగదు. రెండు పట్టాల పాదాల మీద ఇటుకల ఆర్చీ కూర్చోబెట్టి, పైన డంగు సున్నం వేస్తే డాబా తయారు. కొందరు ఆర్చీ బదులు షాబాద్ బండలు పరిచేవారు. ఆ బండలు కూడా వాడి జంక్షన్ పక్కనుంచే వచ్చేవి. కప్పుకి పట్టా, పట్టా మీదికి బండ, రెండూ ఒకే లైను పుణ్యమన్నమాట.

ఇప్పుడు దగ్గరగా తీసిన స్లైడ్. ఈ చివర నడుములో రెండు గుండ్రటి బెజ్జాలు కనిపిస్తున్నాయా? ఒక పట్టాని ఇంకో పట్టాతో కలపడానికి బోల్టులు వేసిన చోటు అది. బాల్కనీకి ఆ బెజ్జాలతో పని లేదు. మేస్త్రి వాటిని పూడ్చలేదు, కోసెయ్యలేదు, బయటి వైపుకి వచ్చేలా పెట్టి వదిలేశాడు. ఇక తల వైపు చూడండి. ఎడమ అంచు ఇంకా పదునుగా ఉంది. కుడి అంచు మాత్రం ఒరిగి నున్నగా అరిగిపోయింది. చక్రాల అంచు ఒరుసుకున్నది ఆ వైపే. మలుపు మీద ఉన్న పట్టా ఇలా ఒక పక్కే ఎక్కువ అరుగుతుంది. అంటే ఈ ఇంటివాళ్లు బట్టలారేసుకునే బాల్కనీ కింద ఎక్కడిదో ఒక మలుపు తిరిగిన లైను ముక్క ఉందన్నమాట. నాకైతే ఇది చెక్కిన స్తంభం కంటే ఏమీ తక్కువ కాదు.

నడుము మీద ఇంకోటి ఉంటుంది. ఫ్యాక్టరీలో కాల్చిన ఉక్కుని రోలర్ల మధ్య సాగదీసి పట్టా చేసేటప్పుడే కంపెనీ పేరు, సంవత్సరం, ఎంత బరువు రకమో ఉబ్బెత్తు అక్షరాలతో వస్తాయి. పాత ఇళ్లలో దాని మీద ఏళ్ల తరబడి వేసిన సున్నం, పెయింటు పేరుకుపోయి ఉంటాయి. నేరుగా చూస్తే ఏమీ కనబడదు, నేరుగా ఫ్లాష్ కొడితే అసలే కనబడదు. టార్చిని పట్టాకి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుతురు జారనివ్వండి. అక్షరాల నీడలు లేస్తాయి. కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, ఒక్కో చోట టార్చి మారుస్తూ కొన్ని ఫ్రేములు తీస్తే తర్వాత చదువుకోవచ్చు. గీకి చూద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. సుద్దముక్క రాయడం కూడా వద్దు. అసలైన ఐ గర్డర్ల మీదా ఇలాంటి రాత ఉంటుంది. ఇంగ్లండులోని మిడిల్స్‌బరో నుంచి వచ్చిన డార్మన్ లాంగ్ కంపెనీ పేరు మన దేశంలో పాత భవనాల్లో తరచుగా కనబడుతుంది. పెంకుటిల్లయితే పెంకు కింది వైపు తిప్పి చూడండి, బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ ముద్ర దొరకొచ్చు. మంగళూరులో వాళ్ల పెంకుల ఫ్యాక్టరీ 1865లో మొదలైంది.

ఇప్పుడు అదే బాల్కనీకి ఇంకో ఫొటో. పొద్దున వెలుతురు, పోత ఇనుప రెయిలింగ్, కాగితం పూల తీగ, మూలన పిల్లి. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు దీనికే వస్తాయి, నాకూ ఇష్టమే. కానీ ఈ ఫ్రేములో పట్టా చివరలు కట్ అయిపోయాయి. ఇల్లు దేనితో కట్టారో ఇందులో లేదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. ఇలాంటి కట్టడం దగ్గర మన కన్ను అందమైన ముక్క మీదికి పోతుంది. చెక్కిన రాయి, నగిషీ తలుపు, రంగుటద్దం. దాని ఒక్కదాన్నే ఫ్రేము నిండా తీస్తాం. ఆ ఫొటో మొదటి పనివాడిది. రెండో పనివాడొకడున్నాడు. ఎక్కడిదో తెచ్చి ఇక్కడ పట్టించినవాడు. పొడుగు చాలకపోతే కింద రాయి పేర్చాడు, ఎక్కువైతే కోశాడు, సందు మిగిలితే సున్నంతో కూరాడు. అతని పని కనబడేది అతుకు దగ్గరే. అతుకు ఫ్రేములో లేకపోతే అతను ఫొటోలో లేనట్టే.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ అమరావతి. అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బగా మారిపోయి ఉన్న రోజుల్లో, 18వ శతాబ్దం చివర, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టించాడు. ఊరు కట్టాలంటే రాయి కావాలి. ఎదురుగా దిబ్బ నిండా స్తూపం తాలూకు చెక్కిన రాతి పలకలు. కొత్త ఇళ్లలోకి, చెరువు మెట్లలోకి వెళ్లాయి. అది సున్నపురాయి కాబట్టి కాల్చి సున్నం చేసుకున్నవీ ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసింది ఆ కాలంలోనే. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా పలకల్ని మద్రాసుకి పంపాడు. అక్కడ 1858లో లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. మద్రాసు ప్రెసిడెన్సీకి అధికారిక ఫొటోగ్రాఫర్ ఆయన. మన తెలుగు నేల శిల్పాలకు దొరికిన తొలి ఫొటోల్లో అవి కూడా ఉన్నాయి.

ఆ ఫొటోలు చూడండి. చెక్కడం ఎంత శుభ్రంగా పట్టాడు! వెలుతురు, ఫోకస్, అన్నీ ఉన్నాయి. లేనిదొక్కటే, ఈ పలక ఎక్కడ నిలబడి ఉండేదో. ట్రైప్‌ని తప్పు పట్టడానికి లేదు, ఆయన దగ్గరికి వచ్చేసరికే రాళ్లు ఊరు దాటాయి. కానీ మనం ఇంకా కట్టడంలోనే ఉన్న రాయి ముందు నిలబడి కూడా అలాంటి ఫొటోనే తీస్తున్నాం. అది బాధ. మ్యూజియం క్యాటలాగ్ ఫొటో తీయడానికి మ్యూజియం వాళ్లున్నారు కదా.

అమరావతి పలకల్లో ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒక వైపు బోధివృక్షాన్ని పూజిస్తున్న దృశ్యం, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు పని. దాన్నే తిప్పి, రెండో వైపు స్తూపం బొమ్మ చెక్కారు. అది క్రీస్తుశకం 3వ శతాబ్దం నాటిది. తిప్పి చెక్కినవాళ్లు శత్రువులు కారు, అదే స్తూపాన్ని కొలిచినవాళ్లు. పాత రాయిని మళ్లీ వాడటం అనగానే దండయాత్ర ఒక్కటే గుర్తొచ్చేవాళ్లకి ఈ పలక చూపిస్తుంటాను.

అలాగని దండయాత్రలు జరగలేదని కాదు. ఢిల్లీ కుతుబ్ మసీదులో తూర్పు ద్వారం మీది శాసనమే 27 గుళ్ల సామాను వాడామని చెబుతోంది. మన నిజామాబాద్ జిల్లా బోధన్‌లో దేవల్ మసీదు ఉంది. 14వ శతాబ్దంలో తుగ్లక్‌ల కాలంలో గుడిని మసీదుగా మార్చారు. స్తంభాలు గుడివే. ఇలాంటి చోట కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లలో రెండు రకాలు చూశాను. ఒకరు విగ్రహం తాలూకు ఆనవాలు ఒక్కటే జూమ్ చేసి, ఎర్రరంగు బాణం గుర్తేసి వాట్సాప్‌లో పెడతారు. ఇంకొకరు గొడవెందుకని ఆ స్తంభాలు రాకుండా ఆర్చీలు మాత్రమే తీసుకుని వస్తారు. రెండూ సగం ఫొటోలే. స్తంభం, దాని మీది చెక్కడం, దాని పక్కన తర్వాత చేరినది, మూడూ ఒకే ఫ్రేములో పట్టే చోటు దొరికేదాకా తిరగండి. దొరుకుతుంది. చూసినవాళ్లు ఏమనుకుంటారో వాళ్లకి వదిలెయ్యండి. పూజో నమాజో జరుగుతున్న చోటయితే ముందు అడగండి, వద్దంటే కెమెరా సంచిలో పెట్టెయ్యండి.

అతుకు గుర్తుపట్టడం ఎలా అని అడుగుతారు. గుడి స్తంభాలు గోడలో రాళ్లుగా మారిన చోట నేను మొదట వెతికేది చెక్కడం మధ్యలో తెగిపోవడం. తీగ డిజైన్ అంచు దగ్గర ముగింపు లేకుండా ఆగిపోతే, ఆ రాయిని తర్వాత కోశారని అర్థం. వరంగల్ కోట ద్వారాల దగ్గర గోడల్లో ఇలాంటి గుడి రాళ్లు కనబడతాయి. రెండోది, పని లేని బెజ్జం. రాయిలోనైనా చెక్కలోనైనా బెజ్జం ఊరికే పెట్టరు. ఇప్పుడు దానిలో ఏమీ లేదంటే ఒకప్పుడు ఏదో ఉండేది. చెక్కలో ఇది ఇంకా తేలిక. ఈ ద్వారబంధం చూడండి. మడతబందులు కుడివైపున్నాయి. ఎడమవైపు కూడా మడతబందులు దిగిన గుంటలున్నాయి, వాటిని సన్న చెక్కముక్కలతో పూడ్చి రంగేశారు. వేరే ఇంట్లో ఈ తలుపు అటువైపు తెరుచుకునేది. గడప కూడా చూడండి. మధ్యలో అరగాలి కదా? ఇది ఒక చివర అరిగింది. పెద్ద ద్వారం గడపని కోసి చిన్న గుమ్మానికి వేశారు.

తలుపుల మాట వచ్చింది కాబట్టి ఒక మాట. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఏ పెద్ద రెస్టారెంట్‌కి వెళ్లినా చెట్టినాడ్ టేకు స్తంభాలు కనబడతాయి. తమిళనాడులో కారైకుడి బజారులో పాత ఇళ్ల సామాను అమ్మే షాపులు వరసగా ఉంటాయి, అక్కణ్ణుంచి దేశమంతా వెళుతుంది. బర్మా టేకు, బంగారం లాంటి కలప. కానీ లోపల సిమెంటు పిల్లరుండి, బయట ఈ స్తంభం ఊరికే ఆనించి ఉంటే నేను కెమెరా తియ్యను. అది బరువు మోయట్లేదు. నా అభిప్రాయం ఇది, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

విప్పి మళ్లీ కట్టినవి ఇంకో రకం. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో నిలబెట్టారు. నాగార్జునసాగర్ కింద మునిగిపోయే నాగార్జునకొండ కట్టడాల్లో కొన్నింటిని కొండ పైకి, అనుపుకి తరలించారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం విప్పి ఏళ్ల తరబడి ఉంచి, చివరికి 2024 మార్చిలో తెరిచారు. విప్పేటప్పుడు ఏ రాయి ఎక్కడిదో తెలియడానికి నంబర్లు వేస్తారు. ఎక్కడైనా రంగు నంబరు మిగిలి ఉంటే అది మరక కాదు, ఎడిటింగ్‌లో చెరపకండి. కొత్తగా చేర్చిన రాయి, పాత రాయి పక్కపక్కన ఉంటే ఆ గీత మీదే ఫోకస్ పెట్టండి. నగరంలోనే చూడాలంటే కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర బడీ బావోలీ అనే మెట్లబావికి వెళ్లండి. వానలకి ఒక పక్క కూలితే మళ్లీ కట్టారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది.

కెమెరా సంగతి తొందరగా చెప్పేస్తాను, టీ ఆరిపోతోంది. ఇలాంటి కట్టడాల్లో కష్టమంతా ఒకే ఫ్రేములో రకరకాల పదార్థాలుండటం. తెల్లగా వెల్ల వేసిన గోడ పక్కన నల్లరాతి స్తంభం ఉంటుంది. స్తంభానికి ఎక్స్‌పోజర్ పెడితే గోడ కాలిపోతుంది, గోడకి పెడితే స్తంభం నల్ల మచ్చ అవుతుంది. తెలుపు కాలకుండా చూసుకుని, రా ఫైల్‌లో, అంటే కెమెరా మార్పులు చెయ్యకుండా దాచిన ఫైల్‌లో, నలుపుని పైకి లేపుకోండి, లేదా రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలపండి. నునుపు చేసిన నల్లరాయి మెరుస్తుంటే లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పండి, ఏటవాలుగా నిలబడితే బాగా పనిచేస్తుంది. వట్టి ఇనుము మెరుపు మీద అది పనిచెయ్యదు.

చెక్కడానికి పక్కనుంచి పడే ఎండ కావాలి, అది మీకు తెలుసు. తూర్పు గోడకి ఎండ పూర్తిగా వెళ్లిపోయే ముందు, అంటే పదకొండు దాటాక గోడని రాసుకుంటూ పడే వెలుతురు చాలామంది వదిలేస్తారు. మిట్టమధ్యాహ్నం ఫొటోలు తీయకూడదని ఎవరో చెప్పి ఉంటారు. గోడ మీద అతుకు చూడాలంటే అదే మంచి టైమ్. పాతబస్తీ గల్లీల్లో వెనక్కి జరగడానికి చోటుండదు, వైడ్ లెన్స్ పైకెత్తితే గోడలు లోపలికి వాలిపోతాయి. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన ఆ కాలపు ప్యాలెస్ ఫొటోల్లో గోడలు ఎంత నిటారుగా ఉంటాయో చూడండి. ఆ పెద్ద కెమెరాల్లో లెన్స్ ఒక్కదాన్నే పైకి జరపొచ్చు. మనకి ఆ సౌకర్యం లేదు కాబట్టి ఎదురింటి మేడ మీదికి అడిగి ఎక్కడమే. "ఆంటీ, రెండు నిమిషాలు" అంటే కాదనేవాళ్లు తక్కువ. కాస్త ఆలస్యమైతే చాయ్ కూడా వస్తుంది.

ఇక క్యాప్షన్. మక్కా మసీదు మధ్య ఆర్చీలో మక్కా మట్టితో చేసిన ఇటుకలున్నాయని చెబుతారు. కెమెరాకి అది కనబడదు. మీకు కనబడింది ఏమిటో ముందు రాయండి, ఎవరో చెప్పింది "అంటారు" అని విడిగా రాయండి. రెండూ కలిపేస్తే పదేళ్ల తర్వాత మీ ఫొటోని ఎవరూ సాక్ష్యంగా వాడుకోలేరు. నా పట్టా ఫొటో కింద "మలుపు లైనుది కావచ్చు, ఒక వైపు అరుగుదల" అని ఉంటుంది. ఏ మలుపో రాయలేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మేడమ్, ఫోన్‌తో తీస్తే సరిపోతుందా?)

అతుకుకి సరిపోతుంది. ఫోన్ తనంతట తాను నీడల్ని వెలిగించేస్తుంది, పక్క వెలుతురుతో మీరు తెచ్చుకున్న నీడ కాస్తా చదునైపోతుంది. ప్రో మోడ్‌లో పెట్టి తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. లేకపోతే అగ్గిపెట్టె.

(ప్రశ్న: రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ రానిస్తారా?)

కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో మామూలుగా ఫొటోలు తీసుకోవచ్చు, 2018లో చాలా చోట్ల లోపలి ఫొటోలకి కూడా అడ్డు తీసేశారు. ట్రైపాడ్‌కి అనుమతి కాగితం కావాలి. గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదించి లాభం లేదు, ముందే దరఖాస్తు పెట్టండి. డ్రోన్ గురించి అడగబోతున్నారని తెలుసు, దానికి నా దగ్గరికి రావద్దు. (నవ్వులు)

(ప్రశ్న: మా తాతగారి ఇల్లు వచ్చే నెల కూల్చేస్తున్నారు. ఒక్క పూటే టైమ్ ఇచ్చారు. ఏమి తీయాలి?)

ముందు బయటనుంచి నాలుగు పక్కలా తీయండి. తర్వాత ప్రతి గదిలో ఒక మూల నిలబడి ఎదురు మూల, అక్కడికెళ్లి మళ్లీ ఈ మూల. సామాను తీసేసే దాకా ఆగొద్దు, మంచం ఎక్కడుండేదో కూడా రానివ్వండి. తర్వాత కప్పు. పడుకుని తీయండి, మెడ నొప్పి రాదు. దూలం గోడలో దిగే చోటు, స్తంభం రాయి మీద కూర్చున్న చోటు, తలుపు గోడని కలిసిన చోటు, ఇవి దగ్గరగా. ఎవరినైనా టేపు పట్టుకోమనండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫొటోలు తీస్తూనే ఏది ఎక్కడిదో అడిగి ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఇక కూల్చే రోజున మీరు తప్పకుండా వెళ్లాలి. పెచ్చులూడినప్పుడే లోపలి పని బయటపడుతుంది. పనివాళ్లని, కాంట్రాక్టరుని ముందే మంచి చేసుకోండి, ఏదైనా తేలితే ఒక్క నిమిషం ఆగుతారు. ఆ తలుపులు, దూలాలు ఎవరు కొన్నారో, ఏ షాపుకి పోతున్నాయో అడిగి రాసుకోండి. అక్కడినుంచి అవి ఏ ఇంటికి వెళ్లాయో తెలిస్తే, కట్టుబడి అయ్యాక వాళ్లని అడిగి అక్కడా ఫొటో తీయండి.